జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఎంచుకునే ముందు: రేపు తీసేయాలంటే ఎంత పని?

క్లుప్తంగా: జావాస్క్రిప్ట్ లైబ్రరీల్లో, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌లో, కొన్ని బ్రౌజర్‌లో లేని సౌకర్యాన్ని పూడుస్తాయి, కొన్ని అప్లికేషన్ ఆకారాన్నే నిర్ణయిస్తాయి. మొదటి రకానికి బ్రౌజర్ ఎదిగే కొద్దీ అవసరం తీరిపోతుంది. రెండో రకం కోడంతా అల్లుకుపోతుంది కాబట్టి దాన్ని మార్చడం భారీ పని. వేగం పట్టికలు, డౌన్‌లోడ్ లెక్కల కంటే ఈ తేడాయే ఎంపికలో ముందు చూడాల్సింది.

కొత్త వెబ్ ప్రాజెక్ట్ మొదలైతే చాలు, మొదటి వారంలోనే ఒక వాదన లేస్తుంది. తెరలు కట్టడానికి ఏ లైబ్రరీ: రియాక్టా, వ్యూనా, ఆంగ్యులరా, స్వెల్టా? అది తేలేలోపే తేదీలకు ఏది వాడాలి, ఫారాలకు ఏది, చార్టులకు ఏది, టెస్టులకు ఏది అని ప్రశ్నలు వరస కడతాయి. ఒక్కో ప్రశ్నకు నాలుగైదు జవాబులుంటాయి, ప్రతి జవాబు తరఫునా గట్టిగా వాదించే వాళ్లుంటారు. పోలిక పట్టికలు ఎన్ని చదివినా చివరికి ‘మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి’ అన్న మాట దగ్గరే ఆగిపోతాయి. మాట నిజమే. కానీ అవసరంలో దేన్ని ముందు చూడాలో చెప్పనంత వరకు దాంతో పని జరగదు.

ఇన్ని లైబ్రరీలు పుట్టడానికి మూలం భాషలోనే ఉంది. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని తయారుచేశారు. పైథాన్‌కో జావాకో ఉన్నట్టు దానికి తోడుగా పెద్ద స్టాండర్డ్ లైబ్రరీ రాలేదు. దాంతో చిన్నచిన్న అవసరాలకు కూడా ఎవరికి వారు కోడ్ రాసుకున్నారు, రాసుకున్నది పంచుకున్నారు. పైగా ఈ కోడ్ నడిచేది పేజీ చూసేవాళ్ల బ్రౌజర్‌లో. అది ఏ బ్రౌజరో, ఎంత పాతదో, ఎలాంటి ఫోన్‌లో ఉందో డెవలపర్ చేతిలో ఉండదు. లైబ్రరీల కథ చాలావరకు ఈ రెండు ఇబ్బందుల చుట్టూనే తిరిగింది.

## మొదటి పోటీ: బ్రౌజర్ల మధ్య తేడాలు

బటన్ నొక్కితే ఏదో ఒకటి జరగాలి. 2000ల మధ్యలో ఇంత చిన్న పనికీ రెండు రకాల కోడ్ రాయాల్సి వచ్చేది. ఫైర్‌ఫాక్స్‌కి యాడ్‌ఈవెంట్‌లిజనర్ అనే పద్ధతి తెలుసు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి 8వ వర్షన్ వరకు అది తెలియదు, దానికి అటాచ్‌ఈవెంట్ అని వేరే పద్ధతి ఉండేది. పోనీ అలాగే రాద్దామన్నా, ఫంక్షన్ లోపల ‘దిస్’ అన్న పదం నొక్కిన బటన్‌ని కాకుండా మొత్తం విండోని చూపించేది. సర్వర్ నుంచి డేటా తెచ్చుకోవాలంటే ఎక్స్‌ప్లోరర్ 6లో యాక్టివ్‌ఎక్స్ ఆబ్జెక్ట్ ఒకటి సృష్టించాలి, మిగతా బ్రౌజర్లలో ఆ అవసరం లేదు. ఒకచోట బాగున్న పేజీ ఇంకోచోట చెడిపోవడం అప్పటి డెవలపర్లకు రోజూ ఉండే టెన్షన్.

ప్రోటోటైప్, డోజో, మూటూల్స్, యాహూ తెచ్చిన వైయూఐ, జేక్వెరీ అన్నీ ఈ తేడాల్ని తమ లోపల దాచేసి, పైన ఒకే రకం కోడ్ రాసుకునే వీలు ఇవ్వడానికి వచ్చినవే. చేసే పని దాదాపు ఒకటే. 2006లో జాన్ రెసిగ్ బయటపెట్టిన జేక్వెరీ మిగతావాటిని దాటిపోవడం వెనక రెండు నిర్ణయాలు కనిపిస్తాయి. పేజీలో ఏ భాగం కావాలో చెప్పడానికి అది సీఎస్ఎస్ సెలెక్టర్లనే వాడుకుంది. పేజీలు డిజైన్ చేసేవాళ్లకు అవి అప్పటికే వచ్చు కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సింది తగ్గింది. రెండోది, భాషలో పుట్టుకతో ఉన్న ఆబ్జెక్టుల జోలికి అది పోలేదు. తన సౌకర్యాలన్నీ డాలర్ గుర్తు వెనక ఉన్న సొంత ఆబ్జెక్టులో పెట్టుకుంది. ప్రోటోటైప్, మూటూల్స్ మాత్రం ఎర్రే (జాబితా) లాంటి సహజ ఆబ్జెక్టుల్లోకే కొత్త ఫంక్షన్లు చేర్చాయి. రాసేటప్పుడు అది ఎంతో హాయిగా ఉండేది.

ఆ హాయికి బిల్లు 2018లో వచ్చింది. జాబితా లోపల జాబితాలుంటే వాటిని చదును చేసే ఫంక్షన్‌ని ‘ఫ్లాటెన్’ అన్న పేరుతో భాషలోకే తేవాలని జావాస్క్రిప్ట్ ప్రమాణాలు చూసే టీసీ39 కమిటీ అనుకుంది. ఫైర్‌ఫాక్స్ ప్రయోగాత్మక వర్షన్‌లో పెట్టగానే ఒక సైట్ పాడైంది. మూటూల్స్ ఏనాడో అదే పేరుతో తన ఫంక్షన్ చేర్చి ఉంది. తన ఫంక్షన్లను లూప్ తిప్పుతూ ఇంకో ఆబ్జెక్టులోకి కాపీ చేసుకోవడం దాని పద్ధతి. బ్రౌజర్ సొంతంగా ఇచ్చే ఫంక్షన్లు అలాంటి లూప్‌కి కనపడవు. ఆ పేరు ముందే బ్రౌజర్‌లో ఉంటే, మూటూల్స్ దాని మీద తన ఫంక్షన్ రాసినా కనపడని గుణం అలాగే ఉండిపోతుంది, కాపీలో అది తప్పిపోతుంది. దాంతో కమిటీ పేరునే ‘ఫ్లాట్’ అని మార్చుకుంది. కొత్త ప్రాజెక్టుల్లో ఎవరూ తలవని ఒక లైబ్రరీ, ప్రపంచమంతా వాడే భాషలో ఒక పదాన్ని మార్చింది. పాత సైట్లు చెడిపోకూడదన్న నియమాన్ని వెబ్ ఎంత గట్టిగా పాటిస్తుందో, ఒకసారి పెట్టిన లైబ్రరీ ఎంతకాలం బతికి ఉంటుందో ఈ ఒక్క సంఘటన చూపిస్తుంది.

జేక్వెరీ గెలిచింది. 2008లో మైక్రోసాఫ్ట్ దాన్ని విజువల్ స్టూడియోతో కలిపి ఇస్తామని ప్రకటించాక పోటీ దాదాపు ముగిసింది. తర్వాత బ్రౌజర్లు ఎదిగాయి. సెలెక్టర్ల కోసం క్వెరీసెలెక్టర్, క్లాసులు మార్చడానికి క్లాస్‌లిస్ట్, డేటా తేవడానికి ఫెచ్ సహజంగానే వచ్చేశాయి. యాహూ 2014లో వైయూఐ అభివృద్ధిని ఆపేసింది. గిట్‌హబ్ 2018లో తన పేజీల నుంచి జేక్వెరీని పూర్తిగా తీసేసింది. పేజీల డిజైన్‌కి వాడే బూట్‌స్ట్రాప్ 2021లో వచ్చిన 5వ వర్షన్‌తో దాని అవసరం లేకుండా చేసుకుంది. జేక్వెరీ చెడ్డదైపోయి ఇలా జరగలేదు. అది పూడ్చిన లోటే పూడిపోయింది.

## రెండో పోటీ: డేటా మారితే తెర ఎలా మారాలి

ఆన్‌లైన్ షాపు పేజీ ఒకటి ఊహించుకుంటే విషయం సులువుగా తెలుస్తుంది. పైన కార్టు గుర్తు పక్కన వస్తువుల సంఖ్య, కుడివైపు వాటి జాబితా, కింద మొత్తం ధర. ఒక వస్తువు తీసేస్తే మూడు చోట్లా మారాలి. జేక్వెరీ పద్ధతిలో ‘తీసేయి’ బటన్ వెనక మూడు పనులూ వరసగా రాస్తారు. కొన్ని నెలలకు కూపన్ వస్తుంది, నాలుగో చోటు తోడవుతుంది. ఇంకొకరు ‘తర్వాత కొంటా’ అనే బటన్ చేర్చి, అందులో పైన ఉన్న సంఖ్యని మార్చడం మర్చిపోతారు. జాబితాలో రెండు వస్తువులు, పైన 3 అన్న అంకె. ఒక్కటే అయితే చిన్న బగ్. పెద్ద అప్లికేషన్‌లో ఇలాంటివి వందల్లో పోగవుతాయి, ఎందుకంటే ప్రతి బటన్‌కీ తెరలో ఉన్న ప్రతి చోటూ గుర్తుండాలి.

2010లో వచ్చిన బ్యాక్‌బోన్, నాకౌట్, ఆంగ్యులర్‌జేఎస్ ఈ లెక్కని తిరగేశాయి. డేటాని మార్చడం డెవలపర్ పని, దానికి తగ్గట్టు తెరను సరిచేయడం లైబ్రరీ పని. ఫేస్‌బుక్ 2013లో బయటపెట్టిన రియాక్ట్, ఇవాన్ యూ 2014లో తెచ్చిన వ్యూ, రిచ్ హారిస్ 2016లో తెచ్చిన స్వెల్ట్ అన్నీ ఈ దారివే. ఎవరు ఎలా చేస్తారన్న దగ్గరే తేడా.

ఆంగ్యులర్‌జేఎస్ ఏదైనా జరిగిన ప్రతిసారీ తాను కాపలా కాస్తున్న విలువలన్నీ ఒకసారి చూసుకునేది. ఏదైనా మారితే మళ్లీ మొదటి నుంచి, ఇక ఏదీ మారదని తేలేదాకా చూసేది. విలువలు వేలల్లోకి వెళ్తే పేజీ ఆయాసపడేది. రియాక్ట్‌లో తెరలోని ఒక్కో ముక్కని కాంపోనెంట్ అంటారు; అది ఆ కాంపోనెంట్ ఫంక్షన్‌ని మళ్లీ నడిపి, తెర ఎలా ఉండాలో ఒక తేలికైన నమూనా గీసుకుంటుంది. దాన్నే వర్చువల్ డామ్ అంటారు. పాత నమూనాతో పోల్చి, తేడా ఉన్నచోట మాత్రమే అసలు పేజీని ముట్టుకుంటుంది. దీనివల్ల ఆలోచించడం తేలిక, కానీ మారని భాగాల లెక్క కూడా మళ్లీ కట్టాల్సి వస్తుంది. ఆ వృథాని ఆపడానికి డెవలపర్లు ఇన్నాళ్లూ మెమో లాంటి పనిముట్లు చేత్తో తగిలించుకున్నారు. ఇప్పుడు ఆ పనిని రియాక్ట్ కంపైలర్‌కి అప్పగిస్తున్నారు. వ్యూ, సాలిడ్ అనే మరో లైబ్రరీ వేరే దారి పట్టాయి. ఏ విలువని తెరలో ఏ భాగం చదివిందో గుర్తుపెట్టుకుంటాయి, విలువ మారితే ఆ భాగానికే కబురు పెడతాయి. వీటినే ఇప్పుడు సిగ్నల్స్ అంటున్నారు. నాకౌట్ 2010లోనే ఈ ఆలోచనని వాడుకుంది. స్వెల్ట్ చాలా పనిని బ్రౌజర్ దాకా రానివ్వకుండా కంపైల్ చేసేటప్పుడే ముగిస్తుంది.

ఈ దారులు ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి. ఆంగ్యులర్ 2023లో 16వ వర్షన్‌తో సిగ్నల్స్ తెచ్చింది, స్వెల్ట్ 2024లో 5వ వర్షన్‌తో అదే ఆలోచన వైపు వచ్చింది. సిగ్నల్స్‌ని భాషలోనే పెట్టాలన్న ప్రతిపాదన 2024లో టీసీ39 ముందుకు వెళ్లి మొదటి దశలో ఉంది. రియాక్ట్ ఒక్కటే తన పాత పద్ధతి మీద నిలబడింది. మామూలు ఫారాలు, జాబితాలు, డాష్‌బోర్డులు ఉన్న అప్లికేషన్‌లో వీటన్నిటితోనూ సరిపడా వేగం వస్తుంది. లోపలి యంత్రాంగం ఎంత ఆసక్తిగా ఉన్నా, చాలా ప్రాజెక్టుల్లో ఎంపికకు అది ఆధారం కాజాలదు.

## అంకెలు చెప్పేది కొంతే

వేగం పోల్చడానికి ఎక్కువమంది చూసేది జేఎస్ ఫ్రేమ్‌వర్క్ బెంచ్‌మార్క్. వెయ్యి వరసల పట్టిక సృష్టించడం, పదో వరసకొకసారి మార్చడం, రెండు వరసల చోట్లు మార్చుకోవడం లాంటి పనులు ప్రతి లైబ్రరీతో చేయించి సమయం కొలుస్తారు. జాగ్రత్తగా చేసిన పరీక్షే. కానీ ఎక్కువ పేజీల్లో వాడేవాళ్లు పడే బాధ వరసలు మార్చడంలో ఉండదు. పేజీ తెరుచుకోవడం ఆలస్యం కావడంలో, నొక్కిన బటన్ పలక్కపోవడంలో ఉంటుంది. గూగుల్ కోర్ వెబ్ వైటల్స్‌లో ప్రధాన భాగం కనిపించడానికి 2.5 సెకన్లు, నొక్కితే స్పందించడానికి 200 మిల్లీసెకన్లు మంచి హద్దులుగా పెట్టింది కూడా అందుకే.

అక్కడ లెక్కకొచ్చేది సైజు. 100 కేబీల ఫొటో, 100 కేబీల జావాస్క్రిప్ట్ నెట్‌వర్క్ మీద ఒకటే బరువు. ఫోన్‌లోకి చేరాక కాదు. ఫొటోని విప్పి చూపిస్తే సరిపోతుంది. స్క్రిప్ట్‌ని చదవాలి, కంపైల్ చేయాలి, నడపాలి. అది నడుస్తున్నంతసేపూ అదే దారిలో వేలి తాకిడికి స్పందించే పని ఆగి ఉంటుంది. ఖరీదైన ఫోన్‌లో తెలియని ఈ ఆలస్యం మామూలు ఫోన్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రియాక్ట్‌కి చిన్న ప్రత్యామ్నాయమైన ప్రియాక్ట్ లాంటివి మూడు నాలుగు కేబీల్లో ఇమడడం వల్ల చిన్న పేజీలకు నిజంగా లాభమే. అప్లికేషన్ పెరిగే కొద్దీ మాత్రం సొంత కోడ్, మిగతా ప్యాకేజీలు కలిసి రియాక్ట్ లాంటి ఫ్రేమ్‌వర్క్ బరువుని మించిపోతాయి. బండిల్ (బ్రౌజర్‌కి పంపే కోడ్ మొత్తం) భారీగా ఉన్నప్పుడు తప్పు ఫ్రేమ్‌వర్క్‌దేనా అని ముందు విడదీసి చూసుకోవాలి. ఒక్క ఫంక్షన్ కోసం మొత్తం లైబ్రరీని లాక్కొచ్చిన సందర్భాలు చాలా ఉంటాయి.

డౌన్‌లోడ్ల సంఖ్య ఇంకా జాగ్రత్తగా చదవాలి. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలన్నీ దొరికే ఎన్‌పీఎం లెక్కలో మనుషులు ఎంచుకున్నవి, ఆటోమేటిక్ బిల్డ్ సర్వర్లు ప్రతిసారీ కొత్తగా దింపుకున్నవి, ఇంకో ప్యాకేజీ వెంట చెప్పకుండా వచ్చినవి అన్నీ కలిసే ఉంటాయి. జేక్వెరీ ఇప్పటికీ సగానికి పైగా సైట్లలో ఉంది, అందులో పెద్ద వాటా వర్డ్‌ప్రెస్ థీమ్‌లు, ప్లగిన్ల ద్వారా వచ్చిందే. వాడకం నిన్నటి నిర్ణయాల మొత్తం. రేపటి ప్రాజెక్టుకి అది సగం సమాచారమే.

## తీసేయడానికి పట్టే పని

లైబ్రరీని తెచ్చుకోవడం ఒక్క కమాండ్ పని. దాన్ని వదిలించుకోవడం ఎంత కష్టమో మాత్రం ఏ పట్టికలోనూ ఉండదు. తేదీల లైబ్రరీల చరిత్ర దీన్ని దగ్గర నుంచి చూపిస్తుంది.

జావాస్క్రిప్ట్ ‘డేట్’ ఆబ్జెక్ట్ తొలినాటి జావా నుంచి తీసుకున్నది. అందులో జనవరి 0వ నెల, డిసెంబర్ 11వ నెల. బ్రౌజర్ ఉన్నచోటి సమయం, యూటీసీ తప్ప ఇంకో టైమ్ జోన్‌లో లెక్కలు వేయడం దానికి సరిగా రాదు. 2011లో వచ్చిన మొమెంట్ ఈ బాధ తీర్చి అందరి చేతుల్లోకీ చేరింది. కానీ దాని నిర్మాణంలోనే ఒక చిక్కు ఉంది. బుకింగ్ మొదలయ్యే తేదీ ‘ఆరంభం’ అన్న పేరులో ఉందనుకుందాం. దానికి 7 రోజులు కలిపి ‘ముగింపు’ అన్న పేరులో పెట్టారు. మొమెంట్‌లో కలపడమంటే పాత ఆబ్జెక్టునే మార్చడం. కాబట్టి ఆరంభం కూడా వారం తర్వాతి తేదీ అయిపోతుంది, రెండు పేర్లూ ఒకే రోజుని చూపిస్తాయి. ఎర్రర్ రాదు. ఒక రోజు ఎవరో బుకింగ్ తప్పు తేదీకి పడిందని ఫిర్యాదు చేసేదాకా తెలియదు.

దీన్ని మొమెంట్ టీమ్ సరిచేయలేకపోయింది. ఆ ప్రవర్తన మీదే ఆధారపడిన కోడ్ అప్పటికే లెక్కలేనంత ఉంది, మారిస్తే అదంతా చెడిపోతుంది. మొత్తం ఒకే ఆబ్జెక్టుగా కట్టడం వల్ల వాడని భాగాలను బండిల్ నుంచి కత్తిరించడమూ కష్టమే. 2020 సెప్టెంబర్‌లో ఆ టీమే ముందుకొచ్చి, ఇక కొత్త సౌకర్యాలు చేర్చబోమని, కొత్త ప్రాజెక్టులకు లక్సన్, డే జేఎస్, డేట్ ఎఫ్ఎన్ఎస్ లాంటివి చూసుకోమని చెప్పింది. పోటీదారుల పేర్లు తామే రాసిపెట్టిన ఆ నిజాయితీని మెచ్చుకోవాలి.

ఆ మాట విన్న రెండు టీమ్‌లను ఊహించుకుందాం. మొదటి టీమ్ 200 ఫైళ్లలో మొమెంట్‌ని నేరుగా పిలుచుకుంది. రెండో టీమ్ తేదీలకు ఒకే ఫైలు పెట్టుకుంది. ‘రోజులు కలుపు’, ‘చూపించే రూపంలోకి మార్చు’ లాంటి సొంత ఫంక్షన్లు అందులో ఉన్నాయి, మొమెంట్ పేరు ఆ ఫైలు దాటి బయటకు రాదు. మొదటి టీమ్‌కి అది వారాల పని, పైగా ఎక్కడేం చెడిందో అన్న భయం. రెండో టీమ్‌కి ఒకటి రెండు రోజులు. ఇక్కడ చాలామంది ఒక విషయం మర్చిపోతారు. ఆ ఒక్క ఫైలు మొమెంట్ ఆబ్జెక్టునే బయటకు తిరిగిచ్చేస్తే ఫలితం ఉండదు, ఎందుకంటే దాన్ని అందుకున్నవాళ్లు దాని ఫంక్షన్లను నేరుగా పిలవడం మొదలుపెడతారు. బయటకు వెళ్లేది మామూలు అక్షరాలో, అంకెలో, భాష సొంత ‘డేట్’ ఆబ్జెక్టో అయి ఉండాలి.

చార్టులు, సర్వర్ కాల్స్, ఫైల్ అప్‌లోడ్ లాంటి వాటన్నిటికీ ఇదే కొలబద్ద సరిపోతుంది. ఇలా గీత గీసి అవతల ఉంచగలిగిన లైబ్రరీ విషయంలో వారాల తరబడి వాదించాల్సిన పని లేదు. రెండిట్లో ఏదో ఒకటి తీసుకోవచ్చు, తప్పయితే మార్చుకోవచ్చు.

## ఫ్రేమ్‌వర్క్‌కి గీత గీయడం కుదరదు

మామూలు లైబ్రరీని సొంత కోడ్ పిలుస్తుంది. ఫ్రేమ్‌వర్క్ విషయంలో సొంత కోడ్‌నే అది పిలుస్తుంది. ఎప్పుడు నడవాలి, డేటా ఎక్కడ దాచాలి, ఫైలు ఏ ఆకారంలో ఉండాలి అన్నీ దాని నియమాలే. రియాక్ట్ తనను లైబ్రరీ అనే చెప్పుకున్నా, ఈ లెక్కలో ఫ్రేమ్‌వర్క్ కిందే చూడాలి. ప్రతి స్క్రీన్ దాని పద్ధతిలోనే రాసి ఉంటుంది కాబట్టి తీసేయడమంటే దాదాపు మొత్తం తిరగరాయడమే. అందుకే ఇక్కడ ఎంచుకునేటప్పుడు అది ఇవాళ ఏం చేయగలదో చూస్తే చాలదు. గతంలో తన పాత కోడ్‌తో ఎలా నడుచుకుందో కూడా చూడాలి.

ఆంగ్యులర్ 2 గురించి 2014లో ప్రకటన వచ్చినప్పుడు, అది పాత ఆంగ్యులర్‌జేఎస్‌కి కొనసాగింపు కాదని, మళ్లీ మొదటి నుంచి కడుతున్నారని తెలిసింది. 2016 సెప్టెంబర్‌లో అది విడుదలైంది. రెండింటినీ పక్కపక్కన నడిపే వంతెన ఇచ్చినా, ప్రతి స్క్రీనూ తిరగరాయక తప్పలేదు. ఎలాగూ తిరగరాయాల్సిందే కాబట్టి వేరేదానికే మారదాం అనుకోవడానికి అది చాలామందికి సందు ఇచ్చింది. ఆంగ్యులర్‌జేఎస్‌కి మద్దతు 2021 చివరితో ముగిసింది. ఆ దెబ్బ తర్వాత ఆంగ్యులర్ టీమ్ తీరు మారింది. ఆరు నెలలకో పెద్ద వర్షన్, ఒక్కోదానికి 18 నెలల మద్దతు, మార్పుల్లో చాలావాటిని ఆటోమేటిక్‌గా చేసిపెట్టే అప్‌డేట్ కమాండ్. ఇప్పుడు అంచనా వేసుకోవడానికి వీలున్న ఫ్రేమ్‌వర్కుల్లో అది ఒకటి.

వ్యూ 2 నుంచి 3కి మారడంలో ఇబ్బంది వేరు. వ్యూ 2 ఆబ్జెక్టులోని ప్రతి ప్రాపర్టీకి ముందే కాపలా పెట్టుకునేది, తర్వాత కొత్తగా చేర్చిన ప్రాపర్టీ దాని కంట పడేది కాదు. 2020 సెప్టెంబర్‌లో వచ్చిన వ్యూ 3 ప్రాక్సీ అనే భాషా సౌకర్యంతో ఆ లోపాన్ని తీర్చింది. కోర్ మార్పులు మరీ పెద్దవేం కావు. కానీ అప్లికేషన్లు వ్యూ ఒక్కదాని మీదే నిలబడవు కదా. బటన్లు, పట్టికలు, డైలాగులు ఇచ్చే వ్యూటిఫై లాంటి కాంపోనెంట్ లైబ్రరీకి కొత్త వర్షన్ 2022లో గానీ రాలేదు. అది వచ్చేదాకా దాని మీద కట్టిన టీమ్‌లు కదల్లేకపోయాయి. వ్యూ 2కి మద్దతు 2023 చివర్లో ఆగింది. ఫ్రేమ్‌వర్క్‌తో పాటు దాని మీద వాడబోయే రెండు మూడు ముఖ్యమైన ప్యాకేజీల చరిత్ర కూడా చూడాలనడానికి ఇదే కారణం.

రియాక్ట్ 2019లో 16.8 వర్షన్‌తో హుక్స్ తెచ్చింది, అంటే క్లాసులు లేకుండా ఫంక్షన్లతోనే కాంపోనెంట్లు రాసే పద్ధతి. రాసే తీరు పూర్తిగా మారిపోయింది, అయినా పాత క్లాస్ కాంపోనెంట్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. కొత్తదీ పాతదీ ఒకే అప్లికేషన్‌లో ఉండొచ్చు. దీనికీ ఒక వెల ఉంది. పదేళ్ల ప్రాజెక్టులో మూడు నాలుగు తరాల పద్ధతులు కలగలిసి కనిపిస్తాయి, కొత్తగా చేరినవాళ్లు అన్నీ నేర్చుకోవాలి. పైగా రియాక్ట్ చుట్టూ ఉన్న పనిముట్లు వేగంగా మారతాయి. కొన్నేళ్ల పాటు కొత్తవాళ్లందరికీ మొదటి మెట్టుగా ఉన్న క్రియేట్ రియాక్ట్ యాప్‌ని 2025 ఫిబ్రవరిలో అధికారికంగా పక్కన పెట్టేశారు.

## వెనక ఎవరున్నారు, వెంట ఏం వస్తుంది

లైసెన్స్ చిన్న విషయంలా కనిపిస్తుంది. 2017 వరకు రియాక్ట్ లైసెన్స్‌లో పేటెంట్లకు సంబంధించిన ఒక అదనపు షరతు ఉండేది. ఆ ఏడాది అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో అలాంటి కోడ్ వాడకూడదంది, సెప్టెంబర్‌లో వర్డ్‌ప్రెస్ రియాక్ట్‌ని వదిలేస్తామని ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే ఫేస్‌బుక్ దిగొచ్చి ఎంఐటీ లైసెన్స్‌కి మార్చింది. అప్పటికి రియాక్ట్ మీద కట్టేసిన సంస్థలకు ఆ కొన్ని వారాలూ ఎటూ తోచని స్థితే.

ప్యాకేజీల గొలుసు ఇంతకంటే లోతైన సమస్య. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరసల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేయగానే, దాని పేరే వినని పెద్ద ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. 2018లో ఈవెంట్ స్ట్రీమ్ ప్యాకేజీని చూసుకోవడానికి ముందుకొచ్చిన కొత్త వ్యక్తి, బిట్‌కాయిన్ వాలెట్ మీద గురిపెట్టిన కోడ్‌ని దాని వెంట పంపించాడు. పాత బ్రౌజర్ల లోట్లు పూడ్చే పాలీఫిల్ డాట్ ఐఓ డొమైన్ చేతులు మారాక, 2024లో అక్కడి నుంచి లక్షకు పైగా సైట్లకు హానికరమైన కోడ్ వెళ్లింది. ఆ సైట్లలో చాలావాటికి ఆ పాలీఫిల్స్‌తో అవసరమే తీరిపోయింది, కానీ స్క్రిప్ట్ వరస మాత్రం పేజీలో అలాగే ఉండిపోయింది. పెద్ద పేరున్నవీ దీనికి అతీతం కాదు. 2025 డిసెంబర్‌లో సర్వర్‌లో నడిచే రియాక్ట్ సర్వర్ కాంపోనెంట్లలో 10కి 10 తీవ్రత ఉన్న లోపం బయటపడింది. వెనక గట్టి టీమ్ ఉంటే లోపాలు రావని కాదు. వచ్చినప్పుడు త్వరగా ప్యాచ్ వస్తుంది, అందరికీ కబురు చేరుతుంది.

## తేల్చుకునేటప్పుడు

ఎక్కువగా చదవడానికే ఉన్న సైట్‌కి అసలు భారీ ఫ్రేమ్‌వర్క్ కావాలా అన్నది మొదటి ప్రశ్న. వార్తలు, డాక్యుమెంటేషన్, సంస్థ వివరాల పేజీలకు సర్వర్ పంపే హెచ్‌టీఎంఎల్, అక్కడక్కడా కొద్దిపాటి స్క్రిప్ట్ సరిపోతాయి. అలాంటి సైట్లు కట్టే ఆస్ట్రో లాంటి పనిముట్లు అడిగితే తప్ప బ్రౌజర్‌కి జావాస్క్రిప్ట్ పంపవు. వేరేవాళ్ల పేజీలో ఇమడాల్సిన చిన్న విడ్జెట్‌కైతే ప్రియాక్టో, బ్రౌజర్ సొంతంగా ఇచ్చే వెబ్ కాంపోనెంట్లో, ఉత్త జావాస్క్రిప్టో నయం. లాగిన్ వెనక రోజంతా తెరిచి ఉంచే పెద్ద అప్లికేషన్‌కి ఫ్రేమ్‌వర్క్ తప్పదు. అక్కడ టీమ్‌ల సంఖ్య కీలకం. రూటింగ్ (ఏ చిరునామాకి ఏ స్క్రీన్ చూపాలో చెప్పేది), ఫారాలు, సర్వర్ కాల్స్ అన్నీ ఒకేచోట ఇచ్చే ఆంగ్యులర్, పది టీమ్‌లు ఒకే తీరులో రాయాల్సిన చోట వాదనలు తగ్గిస్తుంది. రియాక్ట్ ఆ ఎంపికలన్నీ చేతికే వదిలేస్తుంది. అనుభవం ఉన్న టీమ్‌కి అది వెసులుబాటు, లేని టీమ్‌కి మరో డజను వాదనలు.

ఇప్పటికే ఉన్న టీమ్‌కి ఏది బాగా వచ్చో దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. బాగా తెలిసిన రెండో ఉత్తమ లైబ్రరీతో వచ్చే ఫలితం, అరకొరగా తెలిసిన మొదటి ఉత్తమ లైబ్రరీతో రాదు.

ఎటూ తేలకపోతే ప్రాజెక్టులో అన్నిటికంటే కష్టమైన స్క్రీన్‌ని రెండిట్లోనూ రెండు మూడు రోజుల చొప్పున కట్టి చూడటం మంచి పద్ధతి. డెమో పేజీలన్నీ దూరపు కొండల్లా నునుపుగానే ఉంటాయి. సర్వర్ తప్పు జవాబిస్తే ఏం కనిపిస్తుంది, ఎర్రర్ సందేశం చదివితే ఎక్కడ తప్పుందో అర్థమవుతుందా, మౌస్ లేకుండా కీబోర్డుతో మొత్తం నడుస్తుందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఇన్‌స్టాల్ చేశాక, దిగిన ప్యాకేజీలన్నీ రాసి ఉండే లాక్ ఫైలు తెరిచి, ఒక్క పేరు వెంట ఎన్ని ప్యాకేజీలు వచ్చాయో లెక్కపెట్టాలి. గత రెండు పెద్ద వర్షన్లకు ఇచ్చిన మైగ్రేషన్ గైడ్ చదవాలి. అందులో ఎంత చేత్తో మార్చాల్సి వచ్చిందో చూస్తే, రాబోయే ఐదేళ్లలో ఎంత పని పడుతుందో దాదాపు తెలిసిపోతుంది.

## ఇక ముందు

కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనాలు ఈ పోటీని ఒకవైపుకి వంచుతున్నాయి. అవి నేర్చుకున్న బహిరంగ కోడ్‌లో రియాక్ట్ పాలు ఎక్కువ, అందుకని ఏమీ చెప్పకపోతే రియాక్ట్‌లోనే రాసిస్తాయి. ఆ కోడ్ మళ్లీ బయటకొచ్చి ఆ పాలుని పెంచుతుంది. కొత్త లైబ్రరీ ఎంత బాగున్నా దానికి ఉదాహరణలు తక్కువ కాబట్టి నిలదొక్కుకోవడం కష్టమవుతుంది. కాలం చెల్లిన పద్ధతులు, పక్కన పెట్టిన ప్యాకేజీలు కూడా ఇదే దారిలో కొత్త ప్రాజెక్టుల్లోకి రావచ్చు. ఏఐ సూచించిన ప్రతి ప్యాకేజీకి ఆఖరి రిలీజ్ ఎప్పుడో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

అదే సమయంలో బ్రౌజర్లు మరో లోటు పూడుస్తున్నాయి. తేదీల కోసం టీసీ39 ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన టెంపొరల్ 2025 మేలో ఫైర్‌ఫాక్స్ 139తో వాడకంలోకి వచ్చింది. అందులో జనవరి 1వ నెల. రోజులు కలిపితే కొత్త తేదీ వస్తుంది, పాతది చెక్కుచెదరదు. టైమ్ జోన్లు లోపలే ఉన్నాయి. అన్ని బ్రౌజర్లకూ, వాటి పాత వర్షన్లు వాడేవాళ్లకూ ఇది చేరేదాకా పాలీఫిల్స్ ఉన్నాయి. ఆ పాలీఫిల్‌ని కూడా ఒక రోజు తీసేయాల్సిందే కాబట్టి, దాన్ని పిలిచే వరస తేదీల కోసం పెట్టుకున్న ఆ ఒక్క ఫైల్లోనే ఉంచాలి.